వంటింట్లోకొచ్చిన రంపం బల్ల

నవ్వల్లంటే నవ్వుకోండప్పా, నేనేమీ అనుకోను. పోయిన వారం మా వీధిలో నా పరువు నేనే తీసుకున్నా. అది కూడా స్పీకర్ ఫోన్ పెట్టి మరీ!

నాకు చెక్కపని పిచ్చని మీకు తెలుసు కదా. పగలంతా ఇస్కూల్లో లెక్కలు చెప్పేది, ఇంటికి రాగానే ఫోన్‌లో చెక్కపని వీడియోలు చూసేది. తిరుపతిలో మా ఇంటి పక్కన కారు షెడ్డు ఉండాది. కారుని వీధిలో పెట్టేసి, ఆ షెడ్డుకి 'వర్క్‌షాప్' అని పేరు పెట్టుకున్నా. రెండేళ్లలో ఆడ తయారైనవి ఒక పీట, ఒక తాళాల స్టాండు. ఆ పీట మీద కూర్చోని మా ఆవిడ సుజాత, "ఉయ్యాల కూడా చేసినారే!" అనింది. ఒక కాలు పొట్టిది లెండి.

అట్లాంటోడికి స్లైడింగ్ టేబుల్ సా ఎందుకు? అడగండి. సుజాత కూడా అదే అడిగింది. అంటే ఏం లేదు, పెద్ద ఇనుప మిషను. ప్లైవుడ్ షీటుని దాని బల్ల మీద పెట్టి తోస్తే, షీటుతో పాటు బల్లే ముందుకు జరుగుతుంది. మధ్యలో రంపం బిళ్ల తిరుగుతా ఉంటుంది. దారం పెట్టి గీసినట్టు కోసేస్తుంది. వీడియోలో చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

చిత్తూరులో ఒకాయన పాతది అమ్ముతా ఉండాడని ఫోన్‌లో ప్రకటన కనపడింది. శనివారం బస్సెక్కి పోయినా. ఆయన పేరు ఖాదర్ భాయ్. అరవై ఐదేళ్లు దాటి ఉంటాయి. తలుపులు, బీరువాలు చేసే అంగడి. మోకాళ్లు నిలబడనీయడం లేదని మూసేస్తా ఉండాడు. నేను పోయేసరికి మిషన్ని గుడ్డతో తుడుస్తా ఉండాడు, బిడ్డకి నీళ్లు పోసినట్టు. పక్కన పాత ఇనుము కొనే మనిషొకడు నిలబడుకోని బేరమాడతా ఉండాడు.

"నీకియ్యను పోప్పా," అన్నాడు భాయ్ వాడితో. "నువ్వు దీన్ని ముక్కలు చేస్తావు. పని చేసేవాళ్లకే ఇస్తా." అని నా వైపు తిరిగి, "సార్, మీదేం పని?" అన్నాడు.

లెక్కల అయ్యవారిని అని చెప్పచ్చు కదా! నోరు రాలేదు. "మాదీ వర్క్‌షాపే భాయ్, తిరుపతిలో. పదేళ్లుగా ఇదే లైన్‌లో ఉండాం," అన్నా.

ఆయన ముఖం వెలిగిపోయింది. టీ తెప్పించినాడు. మిషను ఆన్ చేసి ఒక షీటు కోసి చూపించినాడు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. తర్వాత అడిగినాడు, "సార్, మీ తావ కరెంటు త్రీ ఫేసే కదా?"

వీడియోల్లో ఫేసుల గురించి వచ్చే భాగం నేనెప్పుడూ జరిపేస్తా. "అదంతా ఉండాది భాయ్."

"ఎనిమిది అడుగుల బల్ల. ముందుకీ వెనక్కీ జరగల్లంటే ఇరవై అడుగులు కావల్ల. షెడ్డు సరిపోతుందా?"

"షెడ్డుకేం భాయ్! చానా పెద్దది."

మిషను గురించి ఆయనడిగింది రెండే ప్రశ్నలు. రెండిటికీ అబద్ధమే చెప్పినా. మా పిల్లోడెవడన్నా పరీక్షలో అట్ల రాసింటే ఇంటికి పంపించి వాళ్ల నాయన్ని పిలిపించేవాణ్ణి. భాయ్ ఏమో, "పనోడి చేతికి పోతా ఉండాది, చాలు" అని రేటు కూడా తగ్గించినాడు.

మరుసటి రోజు పొద్దున్నే లారీలో మిషను వచ్చింది, వెనకాలే చిన్న క్రేను. గేటు ఊడబీకినాము. వీధి వీధంతా వాకిళ్లలోకొచ్చి నిలబడుకునింది. పక్కింటి మునిరత్నం అన్న లుంగీ ఎగ్గట్టుకోని, "రైటు... రైటు... ఆపు!" అని అడక్కుండానే డైరెక్షన్ ఇచ్చినాడు. మొత్తానికి షెడ్డులో దింపి, బల్ల బిగించి, వాళ్లు పోయినారు. నేను చొక్కా చేతులు మడిచి, బల్లని ముందుకు తోసినా.

మూడడుగులు పోయి కాంపౌండు గోడకి టంగుమని తగిలింది.

సరే, వెనక్కి లాగినా. వెనక వంటింటి తలుపు ఉండాది. తలుపు తీసి పెట్టి ఇంకా లాగినా. బాగా వస్తా ఉండాది, సాఫీగా! లోపల్నుంచి సుజాత కేక, "ఏమండీ! మీ బల్ల వంటింట్లోకొచ్చింది!" తొంగి చూస్తే బల్ల కొస స్టవ్వు పక్కకి వచ్చి నిలబడింది. ఆమె అట్లకాడ పట్టుకోని గోడకి ఆనుకోని ఉండాది.

"కోసేటప్పుడు రవంత పక్కకి జరుగుతే సరిపోతుంది," అన్నా.

"నేనా?" అనింది. ఆ గొంతు విని ఇంక ఆ మాట ఎత్తలేదు.

కరెంటు పెడదామని చూస్తే మిషనుకి ప్లగ్గే లేదు. నాలుగు వైర్లు ఉండాయి. మనకి తెలిసింది మూడు. నాలుగోది స్పేరేమో అనుకోని, రెండు పట్టుకోని ఏసీ ప్లగ్గుకి తగిలించినా. స్విచ్చేస్తే మోటారు 'హుమ్‌మ్‌మ్' అని మూలిగింది, తిరగలేదు. రెండు క్షణాల్లో ఠప్పుమని ఇంట్లో కరెంటంతా పోయింది. మిక్సీ ఆగిపోయింది. కాలిన వాసన.

అప్పుడన్నా బుద్ధి రావల్ల కదా? రాలేదు. మునిరత్నం అన్న గోడ మీద నుంచి, "మోసపోయినావప్పా, చచ్చిపోయిన మోటారు అంటగట్టినాడు," అన్నాడు. నాకది అమృతం మాదిరి వినపడింది. తప్పు ఇంకొకరిదైతే ఎంత హాయి! భాయ్‌కి ఫోన్ చేసి, అందరూ వినల్లని స్పీకర్ పెట్టినా.

"ఏం భాయ్, గడ్డం నెరిసింది, మోసం చేసేదానికి సిగ్గు లేదా? అంగడి మూసేస్తా ఉండావని చెత్త మాలంతా మాకు అంటగడతావా? పోలీస్ స్టేషన్‌కి పోతా సూడు!" క్లాసులో అరిచినట్టు అరిచినా. మధ్యలో ఒక్క మాటా మాట్లాడనీయలేదు.

ఆయన మొత్తం విన్నాడు. ఆఖరున, "ఇంకేం ముట్టుకోవద్దు సార్. వస్తా," అన్నాడు. అంతే.

మధ్యాహ్నానికి వచ్చేసినాడప్పా! ఆ మోకాళ్లతో చిత్తూరు నుంచి బస్సులో, భుజాన సామాన్ల సంచీ. న్యాయం చెప్పేదానికని మునిరత్నం అన్న కుర్చీ వేసుకోని రెడీగా కూర్చోనుండాడు. నేను చేతులు కట్టుకోని నిలబడుకున్నా, జడ్జి మాదిరి.

భాయ్ చుట్టూ చూసినాడు. గోడ చూసినాడు. వంటింట్లోకి పోయిన బల్ల చూసినాడు. నా తాళాల స్టాండు చూసినాడు.

"సార్, వర్క్‌షాప్ యాడ?"

"...ఇదే భాయ్."

ఆయన మీటరు తావకి పోయి చూసినాడు. ప్లగ్గులోంచి నేను తగిలించిన వైర్లు తీసి చేతిలో పెట్టుకోని, "ఇవి మీరే తగిలించినారా? ప్రాణం పోయేది సార్. అల్లా కాపాడినాడు," అన్నాడు. కోపంగా కాదు. నిజంగా భయపడినాడు.

సుజాత నీళ్లు తెచ్చిచ్చి, "ఏమైంది భాయ్? మోటారు పోయిందా?" అని అడిగింది.

"మోటారు బాగుండాదమ్మా. దీనికి త్రీ ఫేస్ కరెంటు కావల్ల, మీది సింగిల్ ఫేసు." ఒక్క క్షణం నా ముఖం చూసినాడు. "సార్‌కి నేనే సరిగ్గా చెప్పలేదు. తప్పు నాదే."

ఆ మాట విన్నాక యాడికన్నా పారిపోదామనిపించింది. వీధిలో అందరూ వినేటట్టు తిట్టినోణ్ణి, అదే వీధిలో అందరి ముందరా కాపాడతా ఉండాడు! మునిరత్నం అన్న, "నేన్జెప్పలే!" అని తల ఊపుతా ఉండాడు. గమ్మునుంటే బయటపడిపోదును. కానీ ఆయన నీళ్లు తాగి, మోకాలు రుద్దుకుంటా ఉండాడు. బస్సులో నిలబడుకోని వచ్చినాడంట.

"లేదు," అన్నా. "భాయ్ అన్నీ అడిగినాడు. త్రీ ఫేస్ ఉండాదా, షెడ్డు ఎంత అని. నేనే ఉండాదని అబద్ధం చెప్పినా. పదేళ్లుగా ఇదే లైనని కూడా చెప్పినా."

సుజాత నన్ను చూసింది. ఆ చూపు గురించి చెప్పను, ఇంట్లో ఆడవాళ్లుండేవాళ్లకి తెలుసు. మునిరత్నం అన్న కుర్చీ మడుచుకోని లోపలికి పోయినాడు.

"క్షమించు భాయ్. నోటికొచ్చినట్టు మాట్లాడినా."

"ఫోన్ పెట్టేసినాక మా ఇంటామె ముందర తలెత్తలేక పోయినా సార్," అన్నాడు మెల్లగా. "నలభై ఏళ్లలో నన్నెవరూ ఆ మాట అనలేదు." సుజాత బలవంతం చేసి అన్నం పెట్టింది. వంటింట్లోనే తిన్నాడు, రంపం బల్ల మీదనే. వేరే చోటు యాడుండాది?

ఆయనే నాలుగు ఫోన్లు చేసి దోవ చూపించినాడు. మిషను కొనేదానికి పూతలపట్టులో తనకి తెలిసిన మేస్త్రి ఒకడు ఒప్పుకున్నాడు. పెద్ద షెడ్డు, త్రీ ఫేసు, అన్నీ నిజంగానే ఉండాయి. బుధవారం మిషను ఆడికి పోయింది. మళ్లీ లారీ, మళ్లీ క్రేను, మళ్లీ వీధంతా వాకిట్లో. ఈసారి డైరెక్షన్ ఇచ్చేదానికి మాత్రం ఎవరూ రాలేదు.

మిషను ఎక్కించేదానికి వచ్చిన భాయ్‌ని పోయేటప్పుడు అడిగినా, "నాకు పని నేర్పిస్తావా?" అని. ఆదివారం పూతలపట్టుకి రమ్మన్నాడు.

నిన్న పోయినా. మిషన్ల తావకి రానీయలేదు. చేతిరంపం ఒకటి, చెక్క ఒకటి ఇచ్చి, పెన్సిల్‌తో తిన్నగా గీత గీసి, "దీని మీదనే కొయ్యి సార్," అన్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లోళ్లకి సరళరేఖ అంటే ఏందో చెప్పినోణ్ణి, ఇదొక లెక్కా అనుకోని, నాలుక కరుచుకోని, చెమటలు కారుస్తా కోసి ఇచ్చినా.

భాయ్ దాన్ని ఎత్తి, ఒక కన్ను మూసుకోని, ఈ కొస నుంచి ఆ కొసకి చూసినాడు. మేస్త్రిని కూడా పిలిచి చూపించినాడు.

"సార్," అన్నాడు, "నేను గీత కొయ్యమంటే, మీరు కొండెక్కే ఘాట్ రోడ్డు వేసినారే!"