పేరు పక్కన పొడుగు

ఆవిడ్ని బళ్లో అందరూ రాతమ్మగారనే పిలిచేవారు. అసలు పేరు స్టాఫు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. మూడంతస్తుల ప్రైవేటు బడి. కింద అంతస్తులో మెట్ల పక్కన ఆఫీసు గది. ఆ గదిలో కిటికీ దగ్గర బల్ల ఆవిడది. ఉద్యోగం గుమాస్తా. ఫీజులూ, టీసీలూ, ఉత్తరాలూ అందరు గుమాస్తాల్లాగే చూసేది గాని, ఆ పేరు తెచ్చిన పని వేరు. ఏడాదంతా బళ్లో ఎవరేం చేశారో, ఎవరేం గెలిచారో ఒక్కటి వదలకుండా రాసి పెట్టడం.

అందుకు ఆవిడకో పద్ధతి ఉంది. మొక్కలు నాటినా, సైన్సు ప్రదర్శన పెట్టినా, ఎవరైనా చదరంగంలో గెలిచినా, ఆ టీచరు ఒక చీటీ రాసి ఇవ్వాలి. దాన్ని ఆవిడ బల్ల మీదున్న ఇనప చువ్వకి గుచ్చేది. శనివారం మధ్యాహ్నం చీటీలన్నీ తీసి, అర్థం కానివి పట్టుకుని టీచర్ల దగ్గరికి వెళ్లి అడిగి, గుండ్రటి అక్షరాలతో పొడవాటి పుస్తకంలోకి ఎక్కించేది. ఏడాది చివర అదే వార్షిక నివేదికై అచ్చుకి వెళ్తుంది. వార్షికోత్సవం రోజున తల్లిదండ్రులకి తలా ఒక కాపీ. పిల్లల్ని కొత్తగా చేర్పించేవాళ్లు ముందు అడిగేది కూడా అదే. ప్రైవేటు బడికి మంచి పేరే అన్నం పెడుతుంది మరి.

"రాతమ్మగారు రాశారంటే తలరాతే, ఇంక చెరగదు" అని టీచర్లు వేళాకోళం చేసేవారు. ఆవిడ విననట్టు తల వంచుకునేది గాని, ఆ మాటంటే లోపల మహా ఇష్టం. ఇరవయ్యారు నివేదికల్లో ఒక్క పేరు తప్పు పోలేదు. భర్త లేతు మిషను మీద పనిచేస్తాడు, వెంట్రుక వాసి తేడా రానివ్వనని ఆయన గొప్ప. ఈవిడ గొప్ప ఇది. మనిషన్నాక ఏదో ఒక గర్వం లేకపోతే పొద్దున్నే లేచి బస్సెక్కడం కష్టం.

చీటీల్లో ఆవిడ ప్రాణం తీసినవి ఆటల మాస్టారివి. పంతొమ్మిదేళ్లుగా ఆ బళ్లో ఉన్నాడు. ఆటస్థలం లేని బళ్లో సైకిళ్ల షెడ్డు వెనక తనే గుంట తవ్వి, ఇసక పోయించి, పిల్లలకి దూకడం నేర్పాడు. బంగారం లాంటి మనిషి, రాత మాత్రం ఉత్త కోడిగీతలు. "మాస్టారూ, దీన్ని చదవడానికి ఏ కోడిని పిలిపించమంటారు?" అని ఆవిడ అంటే, "అది సెలవులో ఉందండీ, ఇటివ్వండి నేనే చదువుతాను" అనేవాడు. పైగా అన్నీ పొట్టి మాటలు. హైజంప్ అని రాయడు, ఎత్తు అంటాడు. లాంగ్ జంప్ అని రాయడు, పొడుగు అంటాడు. "ఎత్తు, ఫలానా పిల్ల, రెండు" అంటే హైజంప్‌లో ఆ పిల్లకి రెండో స్థానమని అర్థం.

ఆయనకి ఇంకో పట్టుదల ఉంది. పిల్లల్ని ఆకారం పట్టి పిలిస్తే ఊరుకోడు. టీ తాగుతూ ఏ టీచరైనా "ఆ లావుపాటి పిల్లాడు" అన్నదంటే చాలు, కప్పు కింద పెట్టి దెబ్బలాటకి దిగేవాడు. రాతమ్మకి ఇది బాగా తెలుసు. తెలిసీ ఆ రోజు గుర్తుకు రాలేదు. కథంతా అక్కడే ఉంది.

తొమ్మిదో తరగతిలో ఒకే పేరుతో ఇద్దరమ్మాయిలున్నారు. ఇంటిపేరు ఒక్కటే తేడా. ఒకమ్మాయి తాటిచెట్టంత, ఇంకొకమ్మాయి ఆమె భుజం దాకా వస్తుంది. బళ్లో అందరికీ ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. టీచర్లు కూడా పేరు చెప్పి, పక్కన పొడుగో పొట్టో తగిలించేవారు. ఆటల మాస్టారు ఒక్కడే పొట్టిగా ఉన్న చిన్నమ్మాయిని ఉత్త పేరుతోనూ, పెద్దమ్మాయిని ఇంటిపేరుతో కలిపీ పిలిచేవాడు. చిన్నమ్మాయి ముందు చేరింది కాబట్టి ఉత్త పేరు ఆమెదేనట.

బడి తెరిచిన మూడో నెలలో బళ్లన్నిటికీ కలిపి పోటీలు జరిగాయి. లాంగ్ జంప్‌కి ఇద్దర్నీ మాస్టారే తీసుకెళ్లాడు. జనం ఎక్కువై, సాయంత్రమైనా ఫలితాలు తేలలేదు. సర్టిఫికెట్లు తర్వాత పోస్టులో పంపుతామన్నారు. పిల్లల్ని బస్సులో కూర్చోబెట్టి మాస్టారొక్కడే వెళ్లి జాబితా చూసుకుని వచ్చాడు. మర్నాడు శనివారం, రాతమ్మ భోజనానికి వెళ్లిన సమయంలో చీటీ చువ్వకి గుచ్చి ఇంటికి వెళ్లాడు. ఆదివారం గుండె పట్టుకుని ఆస్పత్రిలో చేరాడు. తొమ్మిదో రోజుకి పోయాడు.

ఆ చీటీలో ఉన్నది మూడే ముక్కలు. అమ్మాయి పేరు, పక్కన పొడుగు, ఆ పక్కన ఫస్టు.

ఎప్పుడూ పోటీ పేరు ముందు రాసే మనిషి ఈసారి పిల్ల పేరు ముందు రాశాడు. సంతోషంలో ఉన్నాడేమో, పదకొండేళ్ల తర్వాత బడికి ఆటల్లో వచ్చిన మొదటి స్థానం అది. ఆ శనివారం ఫీజుల లెక్కల్లో పడి రాతమ్మ చువ్వ జోలికి పోలేదు, తర్వాత ఆయన ఆస్పత్రి సంగతితో ఎవరికీ ఏ పనీ సాగలేదు, ఆ చీటీని విప్పింది ఆయన పోయిన వారానికి. ఇద్దరూ వెళ్లింది లాంగ్ జంప్‌కేనని ఆఫీసు కాగితాల్లో ఉంది. ఇంక తెలియాల్సింది ఇద్దరిలో ఎవరు అన్నదే. పేరు పక్కన పొడుగు అని ఉండనే ఉంది. పోతూ పోతూ స్పష్టంగా రాసి పోయావా మాస్టారూ అనుకుని, కళ్లు తుడుచుకుని, పెద్దమ్మాయి ఇంటిపేరుతో పుస్తకంలోకి ఎక్కించింది. మర్నాడు ప్రార్థనలో చదివారు. పెద్దమ్మాయి బిత్తరపోయింది, తర్వాత నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పది రోజుల తర్వాత చిన్నమ్మాయి తల్లి వచ్చింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని ఆమెకి. డ్యూటీ దుస్తుల్లోనే వచ్చింది, చేతివేళ్లు నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి, మా పిల్ల పోటీలో తనే గెలిచానంటోందనీ, సార్ బస్సు దిగేటప్పుడు చెవిలో చెప్పారంటోందనీ, బళ్లో మాత్రం ఇంకొకమ్మాయి పేరు చదివారంటున్నారనీ, ఏది నిజమో తెలుసుకుందామని వచ్చాననీ చెప్పింది. రాతమ్మ ఆమెని కూర్చోమంది. పుస్తకం తీసి, వేలు పెట్టి చూపించింది. పిల్లలు ఒక్కోసారి మనసులో అనుకున్నదాన్నే జరిగిందనుకుంటారు, మరీ కోప్పడకండి అని సలహా కూడా ఇచ్చింది. ఆ సలహా తలచుకుంటే ఇప్పటికీ ఆవిడకి అన్నం సహించదు.

తల్లి చాలాసేపు ఆ పంక్తి వైపే చూసింది. "సరేనండీ. దూకితే దూకింది, లేకపోతే లేదు. పోయినాయన మీద పెట్టి అబద్ధం చెప్పింది, అదీ నాకు బాధ" అంది. మర్నాటి నుంచి చిన్నమ్మాయి ఇసక గుంట వైపు రావడం మానేసింది. కొత్తగా వచ్చిన ఆటల టీచరు అడిగితే ఇంట్లో వద్దన్నారంది.

ఏడాది నడిచింది. వక్తృత్వంలో రెండు బహుమతులు, లెక్కల పరీక్షలో నలుగురికి పతకాలు, ముసలివాళ్ల ఆశ్రమానికి పిల్లలు కుట్టి ఇచ్చిన దిండు గలీబులు, చదరంగంలో ఆరో తరగతి చిచ్చరపిడుగు. అన్నీ చువ్వెక్కి, పుస్తకంలోకి దిగి, అచ్చయి వచ్చాయి. మొదటి పేజీలో ఆటల మాస్టారికి నివాళి, రెండో పేజీలో ఆయన శిష్యురాలి విజయం. ఆరువందల కాపీలు కట్టలు కట్టి ఆఫీసు గది మూలన పెట్టారు. వార్షికోత్సవం ఇంకా మూడు రోజులుంది.

ఆ ఉదయం పోస్టులో లోపల అట్టలు పెట్టిన కవరు వచ్చింది. సర్టిఫికెట్. లాంగ్ జంప్, ప్రథమ స్థానం. పేరు అదే. ఇంటిపేరు మాత్రం చిన్నమ్మాయిది.

అక్కడ రాసినవాళ్లే పొరపడ్డారేమో అనుకుంది ముందు. అనుకుంటూనే పాత చీటీల కట్ట విప్పింది. మాస్టారి చీటీ చేతికి వచ్చింది. పేరు, పొడుగు, ఫస్టు. ఆ నిమిషంలో ఆవిడకి ఆయన మాట్లాడినట్టే వినిపించింది, పొడుగంటే లాంగ్ జంపేనండీ అని. ఆ మనిషి ఏనాడైనా ఒక పిల్లని పొడుగని అన్నాడా? ఉత్త పేరు ఎవరిదో తనకి తెలియదా? మంచినీళ్లు తాగుదామని లేచి, ఎందుకు లేచిందో మరిచిపోయి మళ్లీ కూర్చుంది.

రెండు కాగితాలూ పట్టుకుని పైకి వెళ్లి పెద్ద మేడానికి చెప్పింది. బడికి ప్రిన్సిపాలూ ఆవిడే, పెట్టినావిడా ఆవిడే. చెడ్డ మనిషి కాదు. అంతా విని, కళ్లజోడు తీసి, నెమ్మదిగానే మాట్లాడింది. ఆ అమ్మాయికి సర్టిఫికెట్ ఇచ్చేద్దాం, నివేదికలో సవరణ వచ్చే ఏడాది వేద్దాం అంది. సభలో తప్పయిందని చెప్తే మిగతా వాటిని మాత్రం ఎవరు నమ్ముతారు, అంది. పైగా ఇది మీ ఇరవయ్యారేళ్ల పేరు కూడా కదండీ, అని జాలిగా చూసింది. రాతమ్మ బయటికి వచ్చింది. నిజం దాచడమెందుకు, ఆ చివరి మాట ఆవిడకి తియ్యగానే తగిలింది. మెట్లు దిగేదాకా అలాగే కానిద్దామనే అనుకుంది.

సాయంత్రం ఇంట్లో భర్త చేతుల మసి కడుక్కుంటుంటే చెప్పింది. ఆయన సబ్బు రుద్దడం ఆపకుండానే విన్నాడు. చివర ఒక్కటే అడిగాడు.

"ఆ తల్లి నీ దగ్గరికి వచ్చింది కదా. ఇంటికెళ్లి పిల్లని ఏం చేసుంటుందంటావు?"

ఆవిడ ఎనిమిది నెలలుగా ఆ మాట ఆలోచించనే లేదు. ఆ రాత్రి అదే ఆలోచన.

మర్నాడు గంట ముందే వచ్చి మొదటి కట్ట విప్పింది. రెండో పేజీలో పెద్దమ్మాయి ఇంటిపేరు కొట్టేసి, పైన చిన్నమ్మాయిది రాసింది. పేజీ కింద "ఈ తప్పు నాది" అని రాసి సంతకం పెట్టింది. ఇంకో కాపీ. ఇంకోటి. పదకొండింటికి పెద్ద మేడం గుమ్మం దగ్గర ఆగి, ఎన్నయ్యాయని అడిగింది. నూట నలభై అని చెప్పింది రాతమ్మ, తల ఎత్తకుండా. పెద్ద మేడం పైకి వెళ్లిపోయింది. కాసేపటికి అటెండరు చేత తను సభలో చదవబోయే కాపీ కూడా పంపించింది, దిద్ది పెట్టమని.

ఇంటర్వెల్‌లో పెద్దమ్మాయిని పిలిచి చెప్పింది. ఆమె మొహం పాలిపోయింది గాని దెబ్బలాడలేదు. రెండోసారి దూకినప్పుడు తను గీత తొక్కిందట, మిగతావి కూడా గొప్పగా పడలేదట, పేరు చదివితే ఎలా గెలిచానా అనుకుందట. "మా నాన్నకి మీరే చెప్తారాండీ?" అని మాత్రం అడిగింది. చెప్తానంది రాతమ్మ.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్లింది. దుప్పట్లు ఉతికే చోట ఆవిరీ, సోడా వాసనా. తల్లి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. రాతమ్మ నిలబడే చెప్పింది. పుస్తకంలో తప్పు రాసింది నేను, మీకు వేలు పెట్టి చూపించిందీ నేనే, మీ అమ్మాయి చెప్పిందే నిజం అని. తల్లి గోడకి ఆనుకుంది.

"ఆ రోజు దాన్ని కొట్టానండీ" అంది. కొంగుతో చేతులు మళ్లీ తుడుచుకుని అంది, "ఈ సంగతి దానికి మీరే చెప్పండి. నేనెళ్లి ఇప్పుడు నువ్వు చెప్పింది నిజమేనమ్మా అంటే, బుజ్జగిస్తున్నాననుకుంటుంది."

రాతమ్మ తిరిగి వచ్చేసరికి ఆఖరి పీరియడు. చిన్నమ్మాయిని ఆఫీసు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టింది. అమ్మాయి ఒకసారి చదివింది. ఇంటిపేరు మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. రాతమ్మ చెప్పాల్సిందంతా చెప్పింది, చీటీ చూపించింది, నన్ను క్షమించమ్మా అంది. సంతోషిస్తుందనుకుంది, లేదా కోప్పడుతుందనుకుంది. అమ్మాయి ఆ రెండూ చెయ్యలేదు. చీటీలోని కోడిగీతల వంకే చూస్తూ కూర్చుంది.

"అయితే సార్ నిజమే చెప్పారా అండీ?"

"నిజమే చెప్పారమ్మా."

"అందరూ కాదంటుంటే, నా సంతోషం కోసం సార్ ఉత్తినే అలా చెప్పారేమో అనుకున్నానండీ. అమ్మ కొడుతుంటే, నేను కాదు, సారే అబద్ధం చెప్పారన్నాను." ఆ పిల్ల చీటీ మీద వేలు పెట్టింది. "అప్పటికి సార్ పోయారు కదండీ. ఇప్పుడు ఆయనకి ఎలా చెప్పాలి?"

తను ఒక్క పిల్లనే అబద్ధాలకోరుని చేశాననుకుంది రాతమ్మ ఇంతసేపూ. నోటికి ఏదో ఒక ఓదార్పు వచ్చింది గాని, ఈ పిల్లకి ఇంక ఊరికే మాటలు చెప్పకూడదనిపించింది. తెలియదమ్మా, నాకూ ఆయనకి చెప్పాల్సింది ఉంది, ఎలాగో తెలియడం లేదు అంది. బడి వదిలిన గంట మోగినా ఇద్దరూ లేవలేదు. ఆ కట్టల మధ్యనే కూర్చుని ఏడ్చారు.