నవాగామ్‌కు కెమెరాతో

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కినప్పటి నుంచీ కెమెరా సంచి నా ఒళ్లోంచి దిగలేదు. కెమెరా కాలేజీది. ఫొటోగ్రఫీ కోర్సు చివరి ఏడాది ప్రాజెక్టుకు 'రంగు' అనే అంశం తీసుకున్నాను. సూరత్ మగ్గాల మీద చీరలు తీయాలి. వచ్చే వారం పది ఫొటోలు ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. షోలాపూర్ దాటాక ఎదురు సీటావిడ పల్లీపట్టీ ఇవ్వబోయింది. వద్దన్నాను.

"తిను బిడ్డా, మందేం కలపలే," అని తనే కొరికి చూపించింది. అయినా తినలేదు. నాకదో జబ్బు. ఇంట్లో పాలు పొంగినా ఎవరు మంట పెంచారా అని చూస్తాను.

మర్నాడు ఉదయం సూరత్‌లో దిగాను. నా స్నేహితురాలి బాబాయి మల్లేశం స్టేషన్ బయట నిలబడ్డాడు. మరమగ్గాల కార్ఖానాలో పని. ఆయన ఇంట్లోనే నా బస. నన్ను కాకుండా నా సంచిని చూశాడు.

"కెమెరా బయటికి తియ్యకు. జర ఆగు."

వాళ్లుండే నవాగామ్‌కు షేర్ ఆటో దొరుకుతుంది. సామానుంటే ముందే బేరమాడుకోండి. దారిలో లోచో తిన్నాం. ఉడికించిన శనగపిండి మీద నూనె, కారప్పూస వేసిస్తారు. రుచిగానే ఉంది కానీ నాకు సయించలేదు. ఫొటోలకు రమ్మన్న మనిషే కెమెరా తీయొద్దంటాడేంటి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం.

భోజనాలయ్యాక కార్ఖానాకు తీసుకెళ్లి, గేటు దగ్గరే ఆపేశాడు.

"సేఠ్‌ను అడిగొస్త, ఈడనే ఉండు."

తెరిచిన తలుపులోంచి మగ్గం మీద ఎర్రచీర కనిపించింది. ఆగలేకపోయాను. ఒక్కటే తీశాను, అద్భుతంగా వచ్చింది. వెంటనే మగ్గాలు చూసుకునే మాస్టర్ "ఏయ్, ఫోటో కిస్‌నే లియా?" అని మీదికొచ్చాడు. మల్లేశం పరుగున వచ్చి, మా అన్న కూతురు, పూచీ నాదని హిందీలో బతిమాలి నన్ను రోడ్డు మీదికి తెచ్చాడు.

"కొత్త డిజైన్ బజార్ల పడకముందే ఫోటో పోయిందనుకో, పక్క కార్ఖానల గదే చీర దిగుతది. నా పని పోతది. పాత డిజైన్ల మగ్గాల కాడ అడిగి తీపిద్దామనుకున్న, ఆగమంటే ఆగకపోతివి!"

సిగ్గేసింది. ఆయన ముందే ఆ ఫొటో చెరిపేశాను, ఏడుపొచ్చింది. ఆయన కళ్లు చికిలించి తెరలోకి వంగాడు.

"ఇంకోటి లేదు గద?"

నన్నే అనుమానిస్తాడా అని మండింది. మరుక్షణం ఆ కళ్లే నాకు నచ్చాయి. మీ ఫొటో తీయనా అని అడిగాను.

"తీస్కో. నా మొకంల ఏ డిజైన్ లేదు."

ఆ సాయంత్రమే 'రంగు' మార్చి 'అనుమానం' అని పెట్టుకున్నాను. మర్నాడంతా నవాగామ్‌లో తిరిగాను. కెమెరా చూడగానే చాయ్ దుకాణం ఆయన, కూరగాయలావిడ, ఆటో డ్రైవరు ఎలా చూస్తే అలాగే, అడిగి మరీ తీశాను. గోడకు ఆనుకొని మాస్టర్ కూడా నిలబడ్డాడు. ఎంత తిరిగినా తొమ్మిదే అయ్యాయి.

తిరుగు రైలుకు మల్లేశం భార్య వచ్చి, దారికి రొట్టెలు చేతిలో పెట్టింది.

"అందరియి తీస్తివి, నీదేది? ఒకపాలి ఇటియ్యి, నేను తీస్త."

ఇచ్చాను. కెమెరా పట్టీ మాత్రం వదల్లేదు.

రైలు కదిలాక, రొట్టె తింటూ చూసుకున్నాను. ఆవిడ తీసిన ఫొటోలో నేను పట్టీ పట్టుకొని, ఆమె చేతుల వంకే కళ్లార్పకుండా చూస్తున్నాను. మాస్టర్ కూడా అంత అనుమానంగా చూడలేదు. పదో ఫొటో అదే.