మా మేనత్త పెట్టిన సంఘాలు

నలుగురు ఒకచోట నిలబడితే చాలు, మా మేనత్త అక్కడ సంఘం పెట్టేసేది. ఎనభై ఎనిమిదేళ్ళు బతికింది. నన్ను మాత్రం ఒక్కరోజు ప్రశాంతంగా బతకనివ్వలేదు.

మూడుసార్లు జైలుకెళ్ళింది. రెండేళ్ళు మారుపేరుతో ఒక ఆస్పత్రిలో ఆయాగా దాక్కుంది. దాక్కున్న మనిషి దాక్కున్నట్టుండాలా? ఆయాలకు సంఘం పెట్టి, తనే అధ్యక్షురాలై పట్టుబడింది. జైల్లో ఖైదీలకు సంఘం పెట్టిందంటే అర్థముంది, కాపలావాళ్ళకు కూడా పెట్టింది. ఇంట్లో పిల్లలం స్నానానికి వరసలో నిలబడితే మా చేత వేడినీళ్ళ కోసం నినాదాలిప్పించింది. వీపు విమానం మోత మోగింది మాకు, ఆవిడకు కాదు.

అసలు మంట ఇప్పుడు చెబుతాను. నేను బట్టలు కుట్టే కార్ఖానాలో బొత్తాలు సరిచూసేదాన్ని. నాకు నాలుగో నెల. కడుపుతో ఉన్నానని తెలిస్తే ఓనరు ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. అందుకని అమ్మకు కూడా చెప్పకుండా, వదులు బట్టలేసుకుని నెట్టుకొస్తున్నాను.

ఒకరోజు నేను మర్చిపోయిన క్యారియర్ ఇవ్వడానికని మేనత్త వచ్చింది. అన్నం తినే అరగంటలో ఇరవై రెండుమందితో సంఘం పెట్టి, ఏడు డిమాండ్ల కాగితంతో ఓనరు గదిలోకి నడిచింది. కొంప ముంచిందనుకుని వెనకే పరిగెత్తాను.

“ఏడూ కుదరవమ్మా. ఏదో ఒక్కటి చెప్పండి,” అన్నాడు ఓనరు.

పోలీసులకే లొంగని మనిషి, ఆరింటిని టకటకా కొట్టేసింది.

“ఈ ఆరూ వచ్చే నెల చూద్దాం. కడుపుతో ఉన్నవాళ్ళని పనిలోంచి తీయకూడదు. ఇదొక్కటి ఒప్పుకోండి.”

“ఇక్కడ కడుపుతో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. మీకు పోయేదేం లేదు, సంతకం పెట్టండి.” నా వైపు చూడనైనా లేదు.

ఆయన నవ్వుకుంటూ పెట్టాడు.

బయటికొచ్చాక పళ్ళు నూరాను. “నీకెవరు చెప్పారత్తా?”

“మొన్న మెట్లెక్కుతూ నడుం పట్టుకున్నావు. క్యారియర్ నువ్వు మర్చిపోలేదులే, నేనే సంచీలోంచి తీసేశాను.”

“ముందు నాతో ఒక్క మాట అనొచ్చుగా?”

“అంటే వద్దనేదానివి.”

నిజమే, వద్దనేదాన్నే. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు ఓనరుకు నేనే చెప్పాను. ఆయన బీరువాలోంచి కాగితం తీసి రెండుసార్లు చదివాడు.

“నిన్న ఎవరూ లేరంది కదా మీ అత్త?”

“పిలుచుకురమ్మంటారా?” అన్నాను.

“వద్దు వద్దు, వెళ్ళి పని చూసుకో,” అన్నాడు.