పోలమ్మ చేతుల్లో పీచు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం ఉందా అంటే ఉంది. కానీ నమ్మకం, భయం వేరు వేరు శాఖలు. ఒకదాని ఫైలు ఇంకోదానికి పోదు. సర్కారు ఆసుపత్రుల్లో కాంపౌండరుగా తల నెరిసినవాణ్ణి. పోయినవాళ్లను చాలామందినే చూశాను, ఒక్కరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. నేను కలిపిన మిక్చరు తాగి పోయినవాళ్లకైనా ఆ మాత్రం కోపం ఉండాలి కదా.

కాబట్టి ఇది దయ్యం కథ కాదు. మరేం కథ అంటే చెప్పలేను. కళ్లతో చూసింది, చేత్తో తీసింది మాత్రం రాస్తున్నాను.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలు. అల్లూరు దిక్కున, సముద్రానికి కొన్ని మైళ్లు ఇవతల ఒక చిన్న ఊళ్లో పెంకుల కప్పు ఆసుపత్రి మాది. డాక్టరు గారు, నేను, ఆయా చెంగమ్మ. కాంపౌండరంటే కాంపౌండు దాటనివాడని మా ఆవిడ అర్థం చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆసుపత్రి వెనక ఒక గది ఉండేది. మేం కాగితాల మీద అబ్జర్వేషన్ గది అని రాసేవాళ్లం, ఊళ్లోవాళ్లు పిచ్చి గది అనేవాళ్లు. మూడు వైపులా గోడ, ఒక వైపు ఇనుప కమ్మీల తలుపు.

ఆ రోజుల్లో మతి చెదిరిన మనిషి వైద్యం దాకా పోవాలంటే ముందు పోలీసుల చేతిలో పడాలి. రోడ్డు మీద తిరుగుతుంటే వాళ్లు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవాళ్లు. ఆయన నాలుగు ప్రశ్నలడిగి, అనుమానం తోస్తే మా గదికి పంపేవారు. గడువు లోపల డాక్టరు గారు ఆ మనిషిలో తాను స్వయంగా గమనించిన విషయాలు రాసి సంతకం పెట్టాలి. పెడితే ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ రైలెక్కి పెద్దాసుపత్రికి పోవడమే.

ఒకప్పుడు మద్రాసు పంపేవాళ్లు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగే ఊరు. చుట్టాలు పోయి చూసి వచ్చేవాళ్లు, నెమ్మదిస్తే వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. రాష్ట్రం విడిపోయాక అది పరాయిదైపోయింది. మన మనిషిని మన రాష్ట్రంలోనే చేర్చాలని మాకు ఉత్తర్వు. అంటే రాష్ట్రం ఆ కొసకు. మతి పోయినవాళ్లు కూడా సరిహద్దు మాత్రం మరిచిపోకూడదన్నమాట.

మా ప్రాంతం నుంచి అట్లా పోయినవాళ్లు తిరిగి రావడం నేను చూడలేదు. అక్కడ సరిగా చూడరని కాదు. తీసుకుపోతామని చెప్పే చుట్టానికి అంత దూరం పోయే దారి తెలీదు.

పోలమ్మను ఒక పొద్దున కానిస్టేబుల్ తీసుకొచ్చి అప్పగించాడు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లెను కుప్పం అంటారు, ఆ కుప్పం మనిషి. పాతికేళ్లుంటాయేమో. జుట్టు విరబోసుకుని బజారులో తిరుగుతోందట. మేజిస్ట్రేటు గారు పేరడిగితే పలకలేదు. మొగుడి పేరడిగితే తల తిప్పుకుంది. అది మామూలు ఆడవాళ్లూ చేసే పనే గానీ, తన పేరే తనకు తెలియని మనిషని ఆయన రాశారు.

గదిలో పెట్టేముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మెడకు బిగించుకోవడానికి పనికొచ్చేది ఏదీ లోపల ఉండకూడదు. తాడు లేదు, దారం లేదు, చాప కూడా లేదు. గది మూలమూలా నేనే వెతికాను. దారిలో ముళ్లకంపల్లో పడిందో ఏమో, అరచేతుల్లో గీరుడు ఉంటే నేనే కడిగి, మందు రాసి, కట్టు కట్టాను. నాలుగు రోజులకు మానిపోయింది కూడా. మెడలో పసుపుతాడు తీయమంటే చెంగమ్మ నా మొహం చూసి, ఆ పుణ్యం మీరే కట్టుకోండి అంది. నాకూ చేతులు రాలేదు. అది నూలుదారం. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

మర్నాడు పోలమ్మ అత్త నరసమ్మ వచ్చింది. గాలికి ఎండి గట్టిపడ్డ మనిషి. వరండాలో కూర్చుని, డాక్టరు గారు అడిగినదానికల్లా జవాబు చెప్పింది.

ఆమె కొడుకు తెప్ప మీద వేటకు పోయి తిరిగి రాలేదు. కుప్పంవాళ్లు వెతికి వెతికి, ఇక లేడని పెద్దలు తేల్చేశారు. కోడలు ఒప్పుకోలేదు. గాజులు తీసే రోజు పెట్టేసరికి ఇల్లు విడిచి పారిపోయింది.

“మరి పేరడిగితే పలకదేం?” అన్నారు డాక్టరు గారు.

“పలకరాదు సామీ. మొగోడు నీళ్ల మీద ఉన్నన్నాళ్లు పేరు పెట్టి పిలిస్తే ఆడది పలకరాదు. పలికితే సముద్రానికి పేరు తెలిసిపోతాది, ఆ గొంతుతో వాణ్ణి పిలుస్తాది. తల గూడా దువ్వుకోరాదు. మా కుప్పంలో అందరం జేసేదే.” కొంగు భుజం మీదికి లాక్కుని అంది, “దానికి పిచ్చి గాదు. పంతం. నాకే లేకపోయినాది ఆ పంతం.”

డాక్టరు గారు మెత్తని మనిషి. అయినా ఆయన ఇబ్బంది ఆయనది. ఆచారం వల్ల పలకడం లేదంటే సరే. మరి తిండి తినదు, నిద్రపోదు, పొద్దస్తమానం తూర్పు గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఆ గోడలో కిటికీ కూడా లేదు. పూచీ రాసిచ్చి ఇంటివాళ్లు తీసుకుపోయే వీలు చట్టంలో ఉంది గానీ, ఆస్తి ఉన్నవాళ్లెవరైనా రాసివ్వాలి. వాళ్ల ఆస్తంతా ఒక తెప్ప. అది సముద్రంలో ఉంది.

“కొడుకు నీళ్లపాలైనాడు. కోడల్ని రైలుపాలు జేస్తే నాకింక యెవురుండారు నాయనా?” అంది నరసమ్మ. ఏడవలేదు. అందుకే ఆ మాట వినడం కష్టమైంది.

డాక్టరు గారు సంతకం పెట్టకుండా గడువు ఆఖరి రోజు దాకా లాగారు. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి వరండా బల్ల మీద కూర్చున్నారు. సాయంత్రం రైలు. నరసమ్మ మెట్ల దగ్గర ఉంది. లోపల డాక్టరు గారు కాగితం ముందర పెట్టుకుని, కలం మూత తీయడం, పెట్టడం చేస్తున్నారు.

నేను గది తలుపు దగ్గర ఉన్నాను. ఎండ బాగా కాస్తోంది. గాలి ఆడటం లేదు.

పోలమ్మ లేచి నిలబడింది.

తూర్పు గోడకేసి తిరిగి, కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. రెండు చేతులూ ముందుకు చాచి దేన్నో పట్టుకుంది. మడమలు నేలకు తన్నిపెట్టి లాగడం మొదలుపెట్టింది. ఒడ్డు మీద వల లాగేవాళ్లను నేను చూశాను. ఒక చెయ్యి వెనక ఒక చెయ్యి, ఒక అడుగు వెనక్కి, మళ్లీ ఒక చెయ్యి. అచ్చం అట్లాగే. చేతుల్లో ఏమీ లేదు.

పాపం, ముదిరిందనుకున్నాను. చెంగమ్మను పిలిచాను. ఆమె వచ్చి చూసి, “అయ్యగారూ, ఆ మనిషి వాలు జూడండి” అంది.

చూశాను. పోలమ్మ వెనక్కి వాలి ఉంది. కొంచెం కాదు. నిలబెట్టిన నిచ్చెన గోడకు ఎంత వాలుతుందో అంత. మీరు వాలి చూడండి. తాడు ఆధారం లేకుండా అట్లా వాలితే మనిషి వెల్లకిలా పడాలి. ఆమె పడలేదు. అట్లా వాలే ఉండి, పళ్లు బిగించి, లాగుతోంది. ఒకసారి ఎదుటి నుంచి ఎవరో గుంజినట్టు రెండడుగులు ముందుకు ఈడ్చుకుపోయింది. మడమలు నేల మీద చారలు గీశాయి. మళ్లీ నిలదొక్కుకుంది.

నేను తాళం తీసి లోపలికి వెళ్లాను. ధైర్యం వల్ల కాదు. చెంగమ్మ వెనక నిలబడి చూస్తోంది, మగవాణ్ణయిపోయాను. పోలమ్మ చేతులకూ గోడకూ మధ్య నా చెయ్యి పెట్టి ఆడించాను. గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఆ గాలి మాత్రం చల్లగా ఉంది. బయట మండే ఎండ.

డాక్టరు గారు ఎప్పుడొచ్చారో నా వెనకే ఉన్నారు. ఆమె అరచేతుల నుంచి రక్తం మోచేతుల దాకా కారుతోంది. ఆపబోయి ఆయన ముందుకు వెళ్లి, ఆమె వాలు చూసి ఆగిపోయారు. తర్వాత నాతో అన్నారు, ఆపితే ఏదో తెగుతుందనిపించిందని.

ఎంతసేపో చెప్పలేను. ఉన్నట్టుండి ఆమె చేతులు వదులయ్యాయి. కింద కూలబడి, రొప్పుతూ, మా వంక చూసింది. అన్నాళ్లలో మమ్మల్ని మనుషుల్లా చూడటం అదే మొదలు.

“నా పేరు పోలమ్మ సామీ,” అంది. “దువ్వెన ఉంటే ఇప్పించండి.”

మెట్ల దగ్గర నరసమ్మ ఆ మాట విన్నది. లేచింది. కానిస్టేబుళ్ల మధ్య నుంచి నడిచి, గేటు దాటి, ఆ వయసులో సముద్రం దారిన పరుగెత్తింది.

నేను పోలమ్మ చేతులు కడిగాను. తాడు కోసుకుపోయిన గాట్లు. గాయంలో ఏదో గరుగ్గా ఉంటే పట్టకారుతో తీశాను. కొబ్బరి పీచు. నల్లబడి, చేపనూనె వాసన కొడుతున్న పీచు, తెల్ల పళ్లెంలో గుప్పెడు కాకపోయినా చిటికెడు కంటే ఎక్కువే పోగైంది. డాక్టరు గారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

ముందే లోపల గుచ్చుకుని ఉండొచ్చు కదా అన్నారు. నేనే కడిగి కట్టు కట్టిన చేతులండీ అన్నాను.

హెడ్డు కానిస్టేబుల్ వచ్చి రైలుకు వేళవుతోందని గుర్తు చేశాడు. డాక్టరు గారు కాగితం వైపు చూసి, పళ్లెం వైపు చూసి, నాతో మెల్లగా అన్నారు: “స్వయంగా గమనించిన విషయాలు రాయమంటారయ్యా ఇక్కడ. గమనించింది రాస్తే ఆ రైల్లో ఆమె పక్కన నాకూ సీటు వేస్తారు.”

ఆయన రాసింది ఇంతే. రోగి తన పేరు తానే చెప్పింది, అడిగిన వస్తువు సవ్యమైనది, మతిభ్రమ లక్షణం ఏదీ కనబడలేదు. సంతకం పెట్టారు. కానిస్టేబుళ్లు ఖాళీ చేతులతో వెళ్లిపోయారు. ప్రయాణం తప్పినందుకు వాళ్లు విచారించినట్టు లేదు.

చీకటి పడకముందే కుప్పం నుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. ఆ మధ్యాహ్నం తెప్ప ఒడ్డుకు చేరింది. పోలమ్మ మొగుడు ప్రాణంతో ఉన్నాడు, మాట్లాడే ఓపిక లేదు.

మర్నాడు నేను కాంపౌండు దాటాను. గ్లూకోజు నీళ్లతో కుప్పం పోయి అతన్ని చూశాను. తెడ్డు విరిగిపోయిందట, తెరచాప లేదు. అన్నాళ్లూ జల్లులు పట్టుకుని తాగాడట. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు చెప్పింది ఒకటే, గాలి లేని వేళ తెప్ప తిన్నగా వచ్చిందని. నడుమ ఒకసారి ఆగి కొంచెం వెనక్కి పోయి, మళ్లీ వచ్చిందని. నీటివాలు తిరిగే కాలమే కదా అని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. చాలా రోజులు అదే పట్టుకుని ఉన్నాను.

వానాకాలం పోయాక పోలమ్మ ఆసుపత్రికి వచ్చింది, కడుపుతో ఉంది, చూపించుకోవడానికి. నూనె రాసి దువ్విన తల. చేతులు మానాయి, మచ్చలు మాత్రం ఉన్నాయి. చీటీ రాసిస్తూ అడగలేక అడిగాను, ఆ రోజు ఒక్కదానివే అంత బరువు ఎట్లా లాగావమ్మా అని.

“ఒక్కదాన్నే యాడ లాగినాను సామీ,” అంది, ఇంత తెలీదా అన్నట్టు. “నా ముందర ఇంకొకామె ఉన్నింది గదా, గోడ కాడ. మీరు చెయ్యి అడ్డం బెట్టినా నేనేమీ అనలా. తల గొరిగేసినారు. యెడమ చెవి తమ్మె తెగిపోయుండాది.”

చీటీలో రాసింది కొట్టేసి మళ్లీ రాశాను.

ఎడమ చెవి తమ్మె తెగిన మనిషిని నేనెరుగుదును. పోలమ్మ రావడానికి రెండేళ్ల ముందు అదే గదిలో ఉంది. కోవూరు అవతల వరిపొలాల ఊరు ఆమెది. పూచీ రాసిచ్చేవాళ్లు లేక రాష్ట్రం ఆ కొసకు పంపారు. రైలెక్కేముందు ఆమెకు మంచినీళ్లిచ్చింది నేనే. ఆ తర్వాత ఉందో పోయిందో మాకు కబురు లేదు. ఆమె గురించి పోలమ్మతో నేను చెప్పలేదు. తర్వాత చెంగమ్మను అడిగితే తానూ చెప్పలేదని ఒట్టు వేసింది.

“ఆమెకు తాడు పట్టేది రాదు సామీ,” అంది పోలమ్మ చీటీ అందుకుంటూ. “సముద్రం జూసిన మనిషి గాదు. చేతులు తప్పు బెట్టినాది. అయినా ఇడవలా.”

డాక్టరు గారు బదిలీ మీద వెళ్లే రోజు దాకా ఆయనకు ఈ మాట చెప్పలేదు. చెప్పాక ఆయన తూర్పు గోడకు ఒక కిటికీ పెట్టించమని పైకి రాసి వెళ్లారు. ఎందుకు కావాలో కారణం రాయవలసిన చోట ఏం రాశారో నాకు తెలీదు. నన్ను రాయమంటే, ఇవాళ్టికీ, నా దగ్గర కారణం లేదు.