పూల ప్రదర్శనకు తలకిందుల కెమెరా

2023 ఫిబ్రవరి. హనుమకొండలో సుబేదారి వైపు పోయే రోడ్డు మీద నాకో చిన్న దుకాణం ఉంది. కెమెరాలు, లెన్సులు, లైట్లు అద్దెకిస్తాను. పాతవి కొని బాగుచేయించి అమ్ముతాను. ఈ వ్యాపారంలో ఆడవాళ్లు తక్కువ. మొదట్లో వచ్చినవాళ్లంతా నన్ను దాటి లోపలికి తొంగిచూసి "సార్ లేడా?" అని అడిగేవాళ్లు. "సార్ నేనే, చెప్పు" అనేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగరు. నా నోరు ఎలాంటిదో ఊళ్లో ఫోటోగ్రాఫర్లందరికీ తెలుసు.

నా దగ్గర సామాను తీసుకెళ్లినవాళ్లు వందల మంది. అందులో ఒక్కరి గురించే చెప్పమంటే సామ్యేలన్న గురించి చెబుతాను. ఆయనది స్టేషన్ ఘన్‌పూర్. రోజూ రైల్లో వచ్చి, హనుమకొండలో రమేశ్ అనే అతని స్టూడియో తరఫున పెళ్లిళ్లు తీసేవాడు. చర్చిలో పెళ్లయినా పందిట్లో పెళ్లయినా ఆయన చేతిలోంచి ముఖ్యమైన క్షణం జారిపోదని పేరు. ఉంగరం సగం వేలికెక్కినప్పుడు పెళ్లికూతురి ముఖం ఎలా ఉందో ఆయన ఆల్బంలో చూడాల్సిందే. నేను చాలామంది పనితనం చూశాను, అంత చురుకైన వేలు చూడలేదు.

ఆ వేలే పోయింది. అంతకుముందు ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. నెలల తరబడి దవాఖాన, ఫిజియోథెరపీ. మాట తిరిగొచ్చింది, నడక కాస్త ఈడ్పుతో తిరిగొచ్చింది. కుడి చేతికి మాత్రం చలనం మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది. వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి, పట్టు లేదు. కెమెరా గురించి తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఫోటో తీయడానికి నొక్కే షట్టర్ బటన్ ప్రతి కెమెరాకూ కుడివైపే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లకు కత్తెర దొరుకుతుంది, కెమెరా దొరకదు.

ఆ ఫిబ్రవరిలో ఒక రోజు ఆయన, భార్య రూతమ్మతో కలిసి దుకాణానికి వచ్చాడు. ఆమెను నేను వదిన అంటాను.

"చెల్లె, పూల ఎగ్జిబిషన్ ఉన్నది, ఫంక్షన్ హాల్ల. నాకు సామాను కావాలె."

నేను ఆయన చెయ్యి వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాను. ఆయన అది కనిపెట్టాడు.

"మంచిగ చూడు. చూస్తెనే గద ఏమియ్యాల్నో తెలుస్తది."

మిగతా కథ వదిన చెప్పింది. కోలుకున్నాక ఆయన స్టూడియోకు వెళ్తే, రమేశ్ కౌంటర్‌లో కూర్చోమన్నాడట. పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించడం, వచ్చినవాళ్లకు కవర్లు అందించడం.

"రమేశ్ చెడ్డోడు గాదు చెల్లె. 'నిన్ను ఇడిచిపెట్ట అన్నా, నీడ పట్టున కూసో' అన్నడు. ఈయననే ఇంటలేడు."

"ఒక్కసారి కూసుంటె మల్ల లేపరు," అన్నాడు సామ్యేలన్న. "అందుకే అడిగిన, ఒక్క పని ఇచ్చి చూడు అని. గీ పూలు ఇచ్చిండు. పూలు మంచిగొస్తె కెమెర. రాకుంటె కౌంటర్."

"పూలే ఎందుకన్నా?" అని అడిగాను.

"పెండ్లి ఆగది చెల్లె. పూలు ఆగుతయి. నిమ్మలంగ పోత, నిమ్మలంగ పెట్టుకుంట, నిమ్మలంగ తీస్త. ఎవ్వలు తొందరపెట్టరు."

నాకు ఆ మాట సబబుగా తోచింది. పువ్వు కన్ను మూయదు, పక్కకు చూడదు, అత్తగారు పిలిచిందని లేచిపోదు. కొత్త చేత్తో మొదలుపెట్టేవాడికి అంతకన్నా ఓపికైన గిరాకీ దొరకదు.

ప్రదర్శన నిర్వాహకులు రెండు షరతులు పెట్టారు. ఫ్లాష్ వేయకూడదు, చూడవచ్చినవాళ్లకు ఇబ్బంది. ట్రైపాడ్ పెట్టకూడదు, బల్లల మధ్య దారి ఇరుకు. మూడు కాళ్లు పరిస్తే ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. ప్రైజు వచ్చిన ప్రతి పువ్వుకూ ఒక ఫోటో కావాలి. అవన్నీ వాళ్లు వేసే పుస్తకంలోకి వెళ్తాయి. అదీ న్యాయనిర్ణేతలు ప్రైజు కార్డులు పెట్టాక, జనాన్ని లోపలికి వదిలాకే తీయాలి. సాయంత్రమయ్యేసరికి పూలు వాడిపోతాయి.

లెన్స్ గురించి నాకు అనుమానం లేదు. మాక్రో లెన్స్ ఇచ్చాను. దగ్గరి నుంచి చిన్న వస్తువును పెద్దగా, స్పష్టంగా చూపించే లెన్స్ అది. అందులోనూ కొంచెం దూరం నిలబడి తీయగలిగే పొడుగు రకం, ఎందుకంటే బల్లల ముందు తాడు కడతారు. ట్రైపాడ్ వద్దన్నారు కాబట్టి మోనోపాడ్ ఇచ్చాను, అంటే ఒంటికాలి స్టాండు. లెన్స్‌కు కాలర్ అనే ఇనుప వలయం తొడిగాను. మోనోపాడ్‌ను ఆ వలయానికి బిగిస్తే, మర వదులు చేసి కెమెరాను అడ్డంగానూ నిలువుగానూ తిప్పుకోవచ్చు. పొడుగాటి గ్లాడియోలస్‌కు నిలువు, గుండ్రటి డేలియాకు అడ్డం.

తకరారంతా కెమెరా దగ్గర వచ్చింది. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా తేలికైనది తీసి చేతిలో పెట్టాను. ఆయన ఎడమచేత్తో అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"సబ్బుబిళ్ల లెక్క ఉన్నది. జారుతది. ఆ పెద్దది ఇయ్యి."

"అన్నా, అది బరువు. రెండు చేతులున్నోళ్లే మొత్తుకుంటరు."

"బరువుంటె ఆగుతది చెల్లె. నేను మోస్తనా? నీ ఒంటికాలు మోస్తది."

"తేలికదే ఇయ్యి చెల్లె," అన్నది వదిన మెల్లగా.

ఆయన ఇద్దరినీ లెక్కచేయలేదు. సరే అని పెద్దదే ఇచ్చాను. బటన్ సంగతి మాత్రం నేనే తేల్చాను. ఆ కెమెరాకు టచ్ షట్టర్ ఉంది, అంటే వెనక తెర మీద వేలు పెడితే ఫోటో పడుతుంది. అది ఎడమచేత్తో చేయొచ్చు. కాకపోతే తెరను తాకినప్పుడు మోనోపాడ్ ఊగుతుంది. అందుకని సెల్ఫ్ టైమర్ పెట్టాను. తాకిన రెండు సెకన్లకు, ఊగుడు ఆగాక ఫోటో పడుతుంది. హాలులో ఎల్ఈడీ లైట్లుంటాయి కాబట్టి షట్టర్ స్పీడ్ కూడా చెప్పాను. "సెకనుల వందో వంతు కన్న స్పీడు పెంచకన్నా. పెంచితే ఫోటో మీద నల్ల చారలొస్తయి." ఆ చారలనే మేం బ్యాండింగ్ అంటాం. ఆ లైట్లు మన కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి, ఫోటోకు తెలిసిపోతుంది. ఇంత చక్కగా అమర్చానని నా మీద నాకే ముచ్చటేసింది.

ప్రదర్శన రోజు దుకాణం మూసి నేనూ వెళ్లాను. పూల కోసం కాదు, అబద్ధమెందుకు, ఆయన కోసమే వెళ్లాను. హాలు నిండా చామంతులు, డేలియాలు, జెర్బెరాలు, పేరు తెలియని ఆర్కిడ్‌లు. ఒక్కో పువ్వు ఒక్కో గాజు సీసాలో, నల్ల గుడ్డ ముందర. అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. ఉక్కపోస్తోందని గొణిగితే నిర్వాహకులు నాలుగు మూలలా పెడెస్టల్ ఫ్యాన్లు పెట్టించారు. తల తిప్పుకుంటూ గాలి కొట్టే పెద్ద ఫ్యాన్లు.

పూలు ఆగలేదు. కాడ పొడుగున్న ప్రతి పువ్వూ ఊగిపోతోంది. స్పీడు పెంచుదామంటే చారలు. ఫ్లాష్ వేద్దామంటే వద్దన్నారు. సామ్యేలన్న తెర మీద వేలు పెట్టాడు. రెండు సెకన్లు గడిచేసరికి డేలియా ఎటో వంగింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ వంగింది. పది ఫోటోలు తీస్తే పదీ చెదిరిపోయాయి. వదిన సంచీ పట్టుకుని గోడవారగా నిలబడి నన్నే చూస్తోంది.

నేను పరుగున వెళ్లి ప్రదర్శన చూసుకునే మేడంను పట్టుకున్నాను. ఆమె రిటైరైన టీచరు, ఆ హాలంతా ఆమె చేతిలోనే ఉంది.

"ఫ్యాన్లు జర ఆపిస్తారా మేడం?"

"ఆపితే జనం ఉంటరామ్మా? పెద్దవాళ్లు ఉన్నరు, చెమటలు పోస్తున్నయి. మీరే ఎట్లనో చూసుకోండి."

తిరిగొచ్చేసరికి సామ్యేలన్న ఫోటోలు తీయడం మానేసి నిలబడి ఉన్నాడు. చేతులెత్తేశాడనుకున్నాను. ఆయన పువ్వు వైపు చూడటం లేదు, ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

"చెల్లె, నీ టైమర్ తీసెయ్యి."

"అన్నా, తాకితే ఊగుతది."

"తాకుడు బంద్ చేస్త. ఫ్యాన్ చూడు. గిటు గొడుతది, అటు తిరుగుతది. అటు తిరిగినంక పువ్వు ఊగి ఊగి ఒక్కతాన నిలుస్తది, మల్ల గాలి వచ్చేదాంక. గా ఒక్క క్షణం. నీ టైమర్‌తోటి అది దొరకది, నా ఏలు గావాలె."

ఏ వేలు అని నేను అడగలేదు. ఆయనే కాలర్ మర వదులు చేశాడు. నేను అడ్డానికీ నిలువుకూ తిప్పుకోవడానికి ఇచ్చిన ఆ వలయంలో కెమెరాను సగం చుట్టు తిప్పేశాడు, పూర్తిగా తలకిందులుగా. ఇప్పుడు కుడివైపు ఉండాల్సిన బటన్ ఎడమవైపు, కిందికి వచ్చింది. అరచేత్తో కెమెరాను కింది నుంచి పట్టి, బొటనవేలు బటన్ మీద ఆనించాడు. పనిచేయని కుడి చేతి మోచేయితో మోనోపాడ్‌ను పక్కటెముకలకు అదుముకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఇంట్లో అభ్యాసం చేసింది కూడా కాదు, నాకు తెలుసు, ఎందుకంటే సామాను నేనిచ్చింది అంతకుముందు రోజే.

ఫ్యాన్ అటు తిరిగింది. డేలియా ఒకసారి ఊగింది, రెండోసారి సగం ఊగింది, నిలబడింది. టక్.

నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆ మనిషి పోగొట్టుకున్నది వేలు మాత్రమే. వేలికి ఎప్పుడు నొక్కాలో చెప్పేది ఎక్కడుంటుందో నాకు తెలియదు గానీ, అది చెక్కుచెదరలేదు. బల్ల తర్వాత బల్ల పోతూనే ఉన్నాడు. కాలు లాగితే ఆగేవాడు, వదిన నీళ్లిస్తే తాగేవాడు, మళ్లీ ఫ్యాన్ మీద కన్ను. జనం తోసుకుంటుంటే "జర జరుగుండ్రి బిడ్డా" అనేవాడు, పెళ్లి పందిట్లో అన్నట్టే. ఆ గొంతులో పాత అధికారం విన్నప్పుడు వదిన ముఖం చూడాల్సింది.

అన్నీ అయ్యాక మేడం వచ్చి ఎలా వచ్చాయో చూపించమంది. కెమెరా విప్పి ఆమె చేతికిచ్చాడు. ఆమె మామూలుగా పట్టుకుని తెర చూసి ముఖం చిట్లించింది.

"ఇదేంటి, పూలన్నీ తలకిందులున్నయి?"

"పూలు మంచిగనే ఉన్నయి మేడం. కెమెరనే తలకాయ కిందికి పెట్టింది. తిప్పి చూడుండ్రి."

ఆమె కెమెరాను తిప్పింది. ఒక్కో ఫోటో దాటుతూ, డేలియా దగ్గర ఆగి, రేకు అంచున ఉన్న సన్నటి తెల్ల గీతను వేలితో చూపించింది. "పొద్దున జడ్జీలు దీని కోసమే ప్రైజు ఇచ్చిన్రు. మేం కళ్లద్దాలు పెట్టుకుని వెతికి చూసినం. మీ ఫోటోలో ఊరికే కనపడుతున్నది," అంది. తర్వాత ఆయన చేతిని చూసి నమస్కారం పెట్టింది.

నా వృత్తిలో ఆ రోజు నేర్చుకున్నది ఎప్పటికీ మరవను. నేను సామాను ఎంచింది ఆయన చేయలేని చేతిని చూసి. బరువు ఎంత తగ్గించాలి, పని ఎంత తేలిక చేయాలి అనేదే నా లెక్కంతా. ఆయన ఎంచుకున్నది చేయగల చేతిని చూసుకుని. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ఏ మోడల్ కావాలని అడగను. ముందు కెమెరా చేతికిచ్చి, వాళ్లు దాన్ని ఎలా పట్టుకుంటారో చూస్తూ కాసేపు నోరు మూసుకుని ఉంటాను. నా నోటికి అది ఎంత కష్టమో మావాళ్లను అడగండి.

కొన్నాళ్లకు రమేశ్ దుకాణానికి వచ్చాడు. ఏదో బ్యాటరీ కావాలన్నాడు, తీసుకున్నాక కూడా నిలబడ్డాడు.

"అక్కా, నీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉంటె చెప్పరాదు. కౌంటర్ల కూసోనీకి మనిషి కావాలె."

"సామ్యేలన్నను కూసోపెడతనంటివి గద?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఆయన యాడ కూసుంటడక్కా," అన్నాడు రమేశ్ బ్యాటరీ జేబులో వేసుకుంటూ. "రేపు జనగాంల పెండ్లి ఉన్నది. ఆయననే తీస్తాండు."