జీతానిదేముందండీ!

మా బంధువర్గంలో ఇప్పటికి ఎనిమిదిమందికి ఉద్యోగాలు ఇప్పించినవాణ్ణి నేను. చదివింది పల్లెబడిలో ఏడో తరగతే. అయినా బస్సు డిపోలో ముప్పై ఏడేళ్ళు టైమ్‌కీపరుగా చేసి, ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్ళనందుకు పతకం పుచ్చుకున్నాను. నా దస్తూరీ చూసి డిపో మేనేజరంతటివాడు తన ఉత్తరాలు నాచేత రాయించుకునేవాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తొమ్మిదో ఉద్యోగం దగ్గర నా పరువు ఎలా పోయిందో తెలియాలంటే, అసలు నాకు పరువుందని ముందు మీకు తెలియాలి కదా!

ఆ తొమ్మిదో మనిషి మా అక్క కూతురు. ముప్పై ఆరేళ్ళు. ఇంట్లో అందరం గడియారం అంటాం. ఆరుంబావుకు వస్తానంటే ఆరుంబావుకే గుమ్మంలో ఉంటుంది. డిపోకు తప్ప మరెక్కడికీ వేళకు వెళ్ళని నేనంటే దానికి మొదటినుంచీ అనుమానమే.

దానికి ఆటిజం ఉందని డాక్టరమ్మ చెప్పేనాటికి ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. అంతకుముందు మా ఇంట్లో దానికి వేరే పేర్లుండేవి. మొండిఘటం, పెడసరం, లోకజ్ఞానం లేదు. మా అక్క అయితే అన్నీ కలిపి "అచ్చం మేనమామ పోలిక" అని తేల్చేసేది. గట్టి చప్పుళ్ళు, మెరిసే దీపాలు అది భరించలేదు. మాటకు ఉన్న అర్థం ఒక్కటే తీసుకుంటుంది. పని అప్పజెప్తే మాత్రం చీమ వెనక చీమ నడిచినట్టు, ఒక్కటీ వరస తప్పదు.

అలాంటి పిల్ల పదకొండేళ్ళు గ్రంథాలయంలో జీతం లేకుండా పనిచేసింది. తిరిగొచ్చిన పుస్తకాలు సర్దడం, ఊడిన అట్టలు అతకడం, ఎవరో తప్పు బీరువాలో దోపిన పుస్తకాన్ని వెతికి పట్టడం. నేను వెళ్ళినప్పుడల్లా గ్రంథాలయాధికారితో, "మాకు డబ్బుతో పనేముందండీ! అమ్మాయి సంతోషం కోసం ఊరికే చేస్తోంది" అనేవాణ్ణి. అలా అంటే మా వంశం ఒక మెట్టు పైన కనబడుతుందని నా ఊహ.

పోయినేడు అక్కడ జీతం ఉన్న ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఎవరో కొత్తాయనకు ఇచ్చారు. ఆయనకు వారం రోజులు పని నేర్పింది మా గడియారమే. ఎనిమిదో రోజున అధికారినే అడిగింది.

"నాకెందుకివ్వలేదు?"

"నీకు జీతం అక్కర్లేదని మీ మామయ్యే అన్నారుగా తల్లీ!"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచీ కొక్కేనికి తగిలించి, "ఇక జీతమిచ్చే చోటికే వెళ్తాను" అంది. మా అక్క నావైపు తిరిగింది.

"ఒరేయ్, గొప్పలకు పోయి దాని నోటి దగ్గర కూడు తన్నేశావు కదరా!"

పాపం చేసినవాణ్ణి నేనే గనక పరిహారమూ నేనే చేస్తానన్నాను. అసలు తప్పు అక్కడే జరిగింది. బట్టల దుకాణంలో పెట్టించాను. ఆ దీపాలకూ పాటలకూ భోజనాల వేళకే చెవులు మూసుకుని బయటికొచ్చేసింది. ఒక ఆఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడ అధికారి దాన్ని చూసి "మీ గురించి చెప్పండి" అన్నాడు. అది ఆలోచించుకునేలోపు నేను అందుకున్నాను. పల్లెబడి, దస్తూరీ, పతకం, ఎనిమిది ఉద్యోగాలు. డిపో మేనేజరు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి, "పెద్దాయనా, ఉద్యోగం ఎవరికండీ?" అన్నాడు.

ఇలా నాలుగు నెలలు గడిచాక, ఒకరోజు కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎనిమిదో నంబరు బస్సనుకుని మూడో నంబరు ఎక్కేశాను. తిట్టిపోసేద్దామని ఆ జోడు అమ్మిన కళ్ళద్దాలావిడ దగ్గరికి వెళ్తే, ఆవిడే నెత్తి కొట్టుకుంది.

"లెన్సుల కవర్లన్నీ కలిసిపోయాయండీ. ప్లస్సుల్లో మైనస్సులు. సర్దే మనిషి కుదరడం లేదు, ఎవరొచ్చినా మూడోరోజుకు విసుగెత్తి పారిపోతున్నారు."

మర్నాడు పొద్దున్నే గడియారాన్ని తీసుకెళ్ళాను. దుకాణం వెనక చిన్న గది. గోడ పొడవునా సన్నని సొరుగులు, వాటినిండా కాగితపు కవర్లు, ప్రతి కవరు మీదా పెన్సిలుతో పవరు అంకె. అది కూర్చుంది. లెన్సు తీసి, పవరు చూసే యంత్రం కింద పెట్టి, అంకె సరిచూసి, కవరు సొరుగులో పెట్టింది. ఇంకోటి తీసింది. గంటయ్యేసరికి రెండు సొరుగులు పూర్తయ్యాయి. ముప్పై నాలుగు తప్పులు దొరికాయి.

కళ్ళద్దాలావిడ సొరుగులు తెరిచి చూసి, "రేపట్నుంచి రమ్మనండి. జీతం సంగతి..." అంది.

ఇక్కడ నోరు మూసుకోవాలని చంటిపిల్లకైనా తెలుస్తుంది. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిన మొహమాటం గొంతులోంచి తన్నుకొచ్చింది.

"అబ్బే, జీతానిదేముందండీ! ముందు కొన్నాళ్ళు ఊరికే చేయనివ్వండి."

గడియారం చేతిలో కవరు బల్లమీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని లేచింది.

"ఊరికే అయితే నేను రాను."

"మాటవరసకన్నానమ్మలూ!"

"మాటవరసకంటేనే గ్రంథాలయంలో ఉద్యోగం పోయింది మామయ్యా."

ముప్పై ఏడేళ్ళ సర్వీసులో నన్ను అంత మాట ఎవరూ అనలేదు. కళ్ళద్దాలావిడ నన్ను వదిలేసి, కుర్చీ దానివైపు తిప్పుకుంది.

"ఊరికే చేయించుకుంటానని నేనన్నానా? ఎంత కావాలో నువ్వే చెప్పు."

"గ్రంథాలయంలో కొత్తాయనకు ఎంతిస్తున్నారో అంత."

ఆ అంకె కూడా చెప్పింది. ఆవిడ వేళ్ళమీద లెక్కేసుకుని, "సరే. ఇంకా?" అంది.

"రేడియో వద్దు. అద్దాలు అరగదీసే మిషను పక్కన కూర్చోను. పని నోటితో చెబితే సగం జారిపోతుంది, కాగితం మీద రాసివ్వండి."

ఆవిడ చెయ్యి చాచి, సన్నగా మోగుతున్న రేడియో కట్టేసింది. తర్వాత గొంతు తగ్గించి, కానీ నాకు వినబడేలాగే అడిగింది.

"మీ మామయ్య రోజూ వస్తారా?"

"వద్దంటే రాడు."

ఇద్దరూ నావైపు చూశారు. నేను చెప్పులు వేసుకున్నాను. రేపు మొదలుపెట్టమంటే, మూడో సొరుగు సగంలో ఉందని అది అప్పుడే కూర్చుండిపోయింది.

ఒంటరిగా ఇల్లు చేరాను. అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"అదేదిరా? మళ్ళీ ఏం చేసుకొచ్చావు?"

"పనిలో ఉంది. జీతానికే."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నిజంగానా? ఎవరిప్పించార్రా?" అంది.

"నేనే" అనబోయి మానుకుని, వెళ్ళి గ్లాసెడు మంచినీళ్ళు తాగాను.