అత్తకు శాలువా కప్పిన తరువాత

మొన్న మధురవాడలో ఒక ఫంక్షన్ హాలు ముందు మా క్యాబ్ ఆగిపోయింది. ముందు బైకులు, పక్కన బస్సు, ఎటూ కదలడానికి లేదు. హాలు గోడ పొడవునా ఫ్లెక్సీ కట్టారు. ఉత్తరాంధ్ర పల్లెలకు సేవ చేసిన మహిళలకు సన్మానమట. ఫొటోల్లో ఆడవాళ్లందరూ ఇస్త్రీ మడత విప్పని చీరల్లో, నవ్వమంటే నవ్విన ముఖాలతో ఉన్నారు. వాళ్లను చూస్తుంటే మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకూ ఇలాగే ఒకసారి శాలువా కప్పారు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతూ గోపాలపట్నంలో అత్తావాళ్లింట్లో ఉండేదాన్ని. బజారు వెనక సందులో రెండు గదుల ఇల్లు. మావయ్యకు పోర్టులో ఉద్యోగం. శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి పెద్దాసుపత్రికి వచ్చే ఆడవాళ్లు బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవారు. అత్త వాళ్లకు అన్నం పెట్టేది, ఓపీ చీటీ రాయించేది, డాక్టరు చెప్పింది మళ్లీ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది. రోగులకు తోడొచ్చిన ఆడవాళ్లు వానకు తడుస్తున్నారని వీధిలో వాళ్లందరినీ కూడగట్టి, ఆసుపత్రి ఆఫీసు ముందు బైఠాయించి, ఒక రేకుల షెడ్డు కూడా వేయించింది. దాంతో ఆవిడ పేరు ఇంకా పాకిపోయింది. నా పుస్తకాల మీద ఎప్పుడూ ఎవరిదో ఒక ఎక్స్‌రే కవరు ఉండేది. చాప పరవని చోటు వెతుక్కుంటూ నడిచేవాళ్లం. వంటింట్లో పోపు వాసనా, ఆసుపత్రి మందుల వాసనా కలిసి ఆ ఇంటికే ప్రత్యేకమైన ఒక వాసన వచ్చింది. కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి నన్ను నర్సింగు చదువుతున్నావా అని కూడా అడిగింది.

మావయ్య సణిగే మనిషి కాదు. రిటైరయ్యాక కొండ అవతల సముద్రపొడ్డున యారాడలో ఉండాలన్నది ఒక్కటే ఆయన కోరిక. "ఇన్నేళ్లూ సముద్రం పక్కనే పన్జేసినాను కోడలా, ఓడలు తప్ప సముద్రం సూళ్లేదు" అనేవాడు. రిటైరవగానే అక్కడ చేపల వేటకు వెళ్లే స్నేహితుడి ఇంటి పక్కనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అత్త కూడా అప్పటికి బాగా అలిసిపోయి ఉంది. సగం సామాను ముందే పంపించేశారు. సరిగ్గా అప్పుడే ఈ సన్మానం వచ్చిపడింది. "మంచిదే, అక్కడే సెప్పీసి దిగిపోతాను, ఇక నా వల్ల కాదని" అంది అత్త. ఆ మాటను వంటింట్లో రెండు మూడుసార్లు చెప్పి చూసుకుంది కూడా.

శాలువా కప్పాక ఒకాయన మైకు పుచ్చుకుని, "ఈ తల్లి ఇంటి తలుపు ఏనాటికీ మూతపడదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. వెనక వరుసల్లో పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. మైకు అత్త చేతికి వచ్చింది. ఆవిడ వాళ్లను చూసింది, నా పక్కనున్న మావయ్యను చూసింది. "ముయ్యను" అంది. మావయ్య కూడా చప్పట్లు కొట్టాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఆటోలో అత్త, "అందరూ నా మొగమే సూత్తన్నారు. ఏటి సెప్పమంతారు?" అంది.

"నానేటన్నానని?" అన్నాడు మావయ్య.

ఆయనొక్కడే యారాడ వెళ్లాడు. శనివారాలు చేపలు పట్టుకొచ్చేవాడు. ఇక్కడ పేపర్లో ఫొటో పడ్డాక ఇంటికొచ్చే జనం రెట్టింపయ్యారు. ఇంట్లో అత్త గడియ పెట్టుకోగలిగింది ఒక్క స్నానాల గదికే. అందులోకి వెళ్లి, బయటివాళ్లు స్నానమనుకునేలా చెంబుతో కాస్త కాస్త నీళ్లు నేల మీద పోస్తూ ఊరికే కూర్చునేది. ఒకరోజు తలుపు సందులోంచి, "నాను లేనని సెప్పు అమ్మీ" అంది. వచ్చింది ఒక ముసలామె, నెలలు నిండిన ఆమె కోడలు. నేను అలాగే చెప్పాను. "పర్లేదమ్మా, వచ్చినదాకా కూకుంతాం" అంటూ ముసలామె గోడకు ఆనుకుంది. వాళ్లు కదలరు, అత్త బయటికి రాదు. నీళ్ల చప్పుడు కూడా ఆగిపోయింది. నేను మధ్యలో నిలబడి ఫ్యాను వేశాను, తీశాను, మళ్లీ వేశాను. కాసేపటికి కోడలు నడుము పట్టుకుని మూలిగింది. గడియ తీసిన చప్పుడైంది. పొడి చీరతో, పొడి జుట్టుతో అత్త బయటికొచ్చింది.

ముసలామె ఆవిడను ఎగాదిగా చూసి, "నీకూ ఒంట్లో బాగోనేదేటమ్మా?" అని మాత్రం అడిగింది.

"నాకేటవలేదు. నెగండి, ఆటో పిలుత్తాను" అంది అత్త.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. అత్త ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడి ఏడ్చింది. "మంచిదానివి మంచిదానివంటానే కట్టీసినారమ్మీ నన్ను" అంది. నేను మంచినీళ్లు తెచ్చేలోపు సందు మొదట్లో ఎవరో అత్త ఇల్లెక్కడని అడుగుతున్న మాట వినిపించింది. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

ఆ ఏడాది వానలు పూర్తికాకుండానే మావయ్య పెట్టె సర్దుకుని వచ్చేశాడు. "ఉప్పుగాలి నాకు పడ్లేదే" అన్నాడు. పోర్టులో అన్నేళ్లు ఆయన పీల్చింది ఉప్పుగాలే. అత్త తలెత్తి చూడకుండానే ఆయనకు కంచం పెట్టింది. మర్నాటి నుంచి ఆసుపత్రిలో ఓపీ వరసలో మావయ్యే నిలబడేవాడు. యారాడ ఊసు మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు. కొన్నేళ్లకు ముందు ఆయన, తరువాత ఆవిడ అదే ఇంట్లో పోయారు.

అత్త తన జీవితకాలాన్ని పల్లెలకు ధారపోసిందని సంతాపసభలో అందరూ అన్నారు, అబద్ధమేమీ కాదు. అయితే ఎవరి కాలమూ విడిగా, ఒంటరిగా ఉండదని నాకు ఈ వయసులో తెలుస్తోంది. ఒకరు తమ ఏళ్లను ఇచ్చేస్తుంటే, పక్కన ఉన్నవాళ్ల ఏళ్లు కూడా ఎవరూ అడగకుండానే వాటితో కలిసి వెళ్లిపోతాయి.